నెలలు నిండకుండా పుట్టిన పాపకు నెలల తరబడి లాసిక్స్: కిడ్నీల్లో కాల్షియం పేరుకుందట, ఎముకలు కూడా బలహీనమట. ఎవరికైనా అనుభవం ఉందా?

బుజ్జితల్లి_అమ్మ (గుంటూరు)

అందరికీ నమస్తే అండి. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

మా పాప 28 వారాలకే పుట్టింది, బరువు 980 గ్రాములు. మూడు నెలలకు పైగా ఎన్ఐసీయూలోనే (పసిపిల్లల ఐసీయూ) ఉంది, మొదట వెంటిలేటర్, తర్వాత సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మిషన్), ఆ తర్వాత ముక్కు దగ్గర సన్న పైపుతో ఆక్సిజన్. ఊపిరితిత్తులు ఇంకా బాగుపడలేదు, దీన్ని బీపీడీ అంటారని చెప్పారు. ఐదో వారంలోనో ఆరో వారంలోనో ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని లాసిక్స్ (ఒంట్లో నీటిని మూత్రంలో పంపేసే మందు) మొదలుపెట్టారు, ఇంటికి పంపేటప్పుడు కూడా అదే కొనసాగించమన్నారు. ఇప్పుడు రోజుకు రెండు పూటలా లాసిక్స్, దాంతో పాటు ఆల్డాక్టోన్, విటమిన్ డి చుక్కలు, ఐరన్ చుక్కలు వేస్తున్నాం. పాపకు ఇప్పుడు ఆరు నెలలు, అసలు పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేస్తే మూడు నెలలు. బరువు 4.2 కిలోలు. రాత్రిపూట మాత్రమే ఆక్సిజన్ పెడుతున్నాం. నవ్వుతోంది, నన్ను చూసి ఊ కొడుతోంది, పాలు బాగానే తాగుతోంది.

పోయిన వారం చెకప్‌లో కడుపు స్కాన్ తీస్తే రెండు కిడ్నీల్లోనూ "మెడల్లరీ నెఫ్రోకాల్సినోసిస్" (కిడ్నీ లోపలి భాగంలో కాల్షియం పేరుకోవడం) అని వచ్చింది. రక్తపరీక్షలో కాల్షియం 9.6, ఫాస్ఫరస్ 3.4, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 812, క్రియాటినిన్ 0.3. మణికట్టు ఎక్స్‌రేలో ఎముక చివర్లు గిన్నెలా గుంట పడి, అంచులు చెదిరినట్టు ఉన్నాయన్నారు. డాక్టర్ గారు "ఎక్కువ కాలం లాసిక్స్ వాడితే ఇలా అవుతుందమ్మా, నెల తర్వాత మళ్ళీ చూద్దాం" అని కాల్షియం సిరప్ ఒకటి రాశారు. బయట అంతమంది ఎదురు చూస్తుంటే ఇంకేం అడగాలో నాకు తోచలేదు, ఇంటికి వచ్చాక మాత్రం వంద అనుమానాలు.

కిడ్నీలో కాల్షియం చేరిందంటూనే మళ్ళీ కాల్షియం సిరప్ ఎందుకిచ్చారు? ఆ సీసా తెరవడానికే నాకు చేతులు రావడం లేదు. మా అత్తయ్య గారు ఆ లాసిక్స్ వల్లే కదా ఇదంతా, ఆపెయ్యమ్మా అంటున్నారు. మా వారు డాక్టర్ చెప్పకుండా ముట్టుకోవద్దంటున్నారు. పాప కిడ్నీలు పాడైపోతాయా? అందరి పిల్లల్లా నడుస్తుందా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి, మూడు రోజులుగా నిద్ర లేదు.


వరంగల్_నాన్న

అమ్మా, ముందు ఒక్క మాట. లాసిక్స్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. మా బాబుకు గుండెలో రంధ్రం (వీఎస్‌డీ), పెద్దదే. రెండో నెల నుంచి ఆపరేషన్ అయ్యేదాకా లాసిక్స్ మీదే నెట్టుకొచ్చాం. పాలు తాగుతుంటే నుదుటి మీద చెమటలు, గుక్కకు గుక్కకు మధ్య ఆయాసం, పక్కటెముకల కింద చర్మం లోపలికి పోవడం, ఇవన్నీ ఆ మందు పడ్డాకే తగ్గాయి. మీ పాపది గుండె కాదు ఊపిరితిత్తులే అయినా, నీరు చేరితే పడే అవస్థ ఇంచుమించు అదే.

మా వాడికి కూడా ఆపరేషన్‌కు ముందు చేసిన స్కాన్‌లో కిడ్నీలో చిన్న చిన్న తెల్ల మచ్చలు కనిపించాయి. వాడు నెలలు నిండి పుట్టినవాడే, అయినా వచ్చాయి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది, తర్వాత కొన్ని వారాల్లో డోసు తగ్గిస్తూ తగ్గిస్తూ పూర్తిగా ఆపించారు. ఆ తర్వాత స్కాన్లలో మచ్చలు పలచబడుతూ వచ్చి పోయాయి. ఇప్పుడు స్కూలుకు వెళ్తున్నాడు, పరిగెత్తుతున్నాడు. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను, కానీ స్కాన్ రిపోర్టులో ఆ పేరు చూసి కిడ్నీలు పోయినట్టే అనుకోకండి. నేను కూడా ఆ పేరు చదివి రాత్రంతా కూర్చున్నవాణ్ణే.


కోనసీమ_కోడలు

చెల్లీ, మా ఇంట్లో పెద్దవాళ్ళకు కిడ్నీలో రాళ్ళు వస్తే లేత కొబ్బరి నీళ్ళు, బార్లీ నీళ్ళు ఇస్తే చాలా తేడా కనిపించింది. చిన్నపిల్లలకు ఒక్క చెంచా చొప్పున పట్టి చూడకూడదా? మందుల కన్నా మంచిదే కదా అని నా ఆలోచన. డాక్టర్ గారిని ఒకసారి అడిగి చూడు.


పిల్లల_డాక్టర్_కాకినాడ

నవజాత శిశువుల విభాగంలో పని చేస్తాను. ఇక్కడ రాసేది విషయం అర్థం కావడానికి మాత్రమే, డోసులు మార్చాల్సింది పాపను చూస్తున్న డాక్టరే.

మొదట కొబ్బరి నీళ్ళ సంగతి, ఎందుకంటే ఇది ఈ రోజే ఎవరైనా పట్టేయొచ్చు. దయచేసి వద్దు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం చాలా ఎక్కువ. పాప వాడుతున్న ఆల్డాక్టోన్ పొటాషియం ఒంట్లోంచి పోకుండా ఆపే మందు. రెండూ కలిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె కొట్టుకునే లయే దెబ్బతినొచ్చు. పెద్దవాళ్ళ కిడ్నీ రాయి వేరు, ఈ పాప కిడ్నీలో పేరుకున్న కాల్షియం వేరు. బార్లీ నీళ్ళు కూడా వద్దు, ఈ వయసులో పొట్టలో ఉన్న కాస్త చోటు పాలకే కావాలి. కోనసీమ చెల్లెమ్మ మంచి మనసుతోనే చెప్పారు, అడిగి చూడమని కూడా అన్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక లాసిక్స్, అంటే ఫ్యూరోసెమైడ్. కిడ్నీలో హెన్లీ లూప్ అనే చోట ఉప్పును మళ్ళీ రక్తంలోకి లాక్కునే ఒక ద్వారం ఉంటుంది, ఈ మందు దాన్ని మూసేస్తుంది. ఉప్పు మూత్రంలోనే ఉండిపోతే నీరూ దాని వెంటే పోతుంది, ఊపిరితిత్తులు తేలికపడతాయి. మనకు కావలసింది అదే. అయితే సరిగ్గా ఆ చోటే కాల్షియం, మెగ్నీషియం కూడా వెనక్కి వచ్చేవి, ఉప్పు కదిలితేనే అవీ కదులుతాయి. ఉప్పు దారి మూసేశాక అవి కూడా మూత్రంలో కొట్టుకుపోతాయి. ప్రతి డోసుకూ ఇదే జరుగుతుంది, రెండు మూడు రోజులు వాడితే పెద్దగా తేడా ఉండదు, నెలల తరబడి వాడితే లెక్క మారిపోతుంది. బార్టర్ సిండ్రోమ్ అని పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటుంది, అందులో ఒక రకంలో జన్యులోపం వల్ల ఇదే ద్వారం పని చేయదు. ఆ పిల్లలకు మందేమీ ఇవ్వకపోయినా కిడ్నీల్లో ఇలాగే కాల్షియం పేరుకుంటుంది. ఆ ద్వారం మూతపడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నెలలు తక్కువ పిల్లల్లో ఇంకో చిక్కు ఉంది. పెద్దవాళ్ళ రక్తంలో ఈ మందు ఒకటి రెండు గంటల్లోనే సగానికి పడిపోతుంది. 31 వారాల లోపు వయసున్న పసివాళ్ళలో అదే సగం కావడానికి 20 గంటలు కూడా దాటొచ్చు. మొదటి డోసు ఇంకా ఒంట్లో ఉండగానే రెండోది, మూడోది పడతాయి. అందుకే అంత చిన్నపిల్లల్లో రోజుకు ఒకసారి, కొందరిలో రోజు విడిచి రోజు ఇవ్వడం. పాప పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది.

కిడ్నీల విషయం. లాసిక్స్ చాలాకాలం వాడిన నెలలు తక్కువ పిల్లల కిడ్నీల్లో కాల్షియం పేరుకుంటోందని 1982లోనే అమెరికా డాక్టర్లు రాశారు. ఆ తర్వాత తెలిసింది ఏంటంటే, లాసిక్స్ ఒక్క చుక్క వాడని నెలలు తక్కువ పిల్లల్లో కూడా కొందరికి ఇది వస్తుంది. సెలైన్‌లో ఇచ్చే పోషకాలు (టీపీఎన్), ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్లు, కెఫీన్, మూత్రంలో స్ఫటికాలు కట్టకుండా అడ్డుకునే సిట్రేట్ తక్కువగా ఉండటం, ఇవన్నీ చేతులు కలుపుతాయి. కిడ్నీలో వడపోత చేసే నెఫ్రాన్లు తల్లి కడుపులో 34 నుంచి 36 వారాల దాకా తయారవుతూనే ఉంటాయి, అంటే మీ పాప కిడ్నీ పుట్టాక కూడా ఇంకా కట్టుబడిలోనే ఉంది. అందుకే మీ అత్తయ్య గారు అన్నట్టు మొత్తం నేరం లాసిక్స్ మీద వెయ్యను, కానీ దాని వాటా చిన్నదని కూడా అనను.

మీకు ఊరటనిచ్చేది క్రియాటినిన్ 0.3. కిడ్నీ రక్తాన్ని బాగానే శుభ్రం చేస్తోంది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి, లాసిక్స్ ఆగాక, మొదటి ఒకటి రెండేళ్ళలో స్కాన్‌లో ఆ మచ్చలు తగ్గిపోవడమో పూర్తిగా పోవడమో జరుగుతుంది. కొందరిలో కొంత మిగిలిపోతుంది, అలాంటప్పుడు ఎదిగేకొద్దీ బీపీ, మూత్రపరీక్ష, కిడ్నీ సైజు చూస్తూ ఉండాలి. నెలలు తక్కువ పుట్టిన పిల్లలందరికీ ఏడాదికోసారి బీపీ చూడాలని నేను అడగకపోయినా చెప్తుంటాను, పిల్లలకు బీపీ ఏంటని చాలామంది పట్టించుకోరు.

ఇప్పుడు అసలు ప్రశ్న, కాల్షియం సిరప్ ఎందుకు. ఇది చాలామంది తల్లిదండ్రులు తలకిందులుగా అర్థం చేసుకునే విషయం కాబట్టి నెమ్మదిగా చెప్తాను.

బిడ్డ ఎముకల్లోకి చేరాల్సిన కాల్షియం, ఫాస్ఫరస్‌లో దాదాపు 80 శాతం కడుపులో చివరి మూడు నెలల్లోనే తల్లి నుంచి వస్తుంది. ఆ సమయంలో రోజుకు కిలో బరువుకు 100 నుంచి 130 మిల్లీగ్రాముల కాల్షియం, 60 నుంచి 75 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ మాయ గుండా బిడ్డకు అందుతాయి. మీ పాప ఆ మూడు నెలలూ కడుపులో లేదు, ఎన్ఐసీయూలో ఉంది. తల్లిపాలు ఎంతో మేలైనవి, అందులో రెండో మాట లేదు, కానీ 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో కాల్షియం 25, 30 మిల్లీగ్రాములకు మించదు, ఫాస్ఫరస్ 15 దగ్గర. కిలోకు 160 మిల్లీలీటర్లు తాగినా కాల్షియం 50 దాటదు. అందుకే ఎన్ఐసీయూలో పాలలో ఫోర్టిఫయర్ పొడి (ఈ ఖనిజాలు అదనంగా అందించేది) కలుపుతారు. ఇంటికి వచ్చాక ఆ పొడి ఆగిపోయి, లాసిక్స్ మాత్రం కొనసాగితే ఏమవుతుందో చూడండి: రాబడి తగ్గింది, ఖర్చు అలాగే ఉంది.

రక్తంలో కాల్షియం 9.6 ఉంది కదా, మామూలేగా అని మీరు అడగొచ్చు. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, నరాలు దెబ్బతింటాయి కాబట్టి శరీరం దాన్ని ఎలాగైనా నిలబెడుతుంది, పారాథైరాయిడ్ హార్మోన్ పెంచి ఎముకల్లోంచి తీసి రక్తంలో పోస్తుంది. అందుకే ఈ పిల్లల్లో కాల్షియం అంకె చూసి ధైర్యపడకూడదు. ఫాస్ఫరస్ 4 కన్నా తక్కువ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక కణాల నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైమ్) 500 కన్నా ఎక్కువ, ఈ రెండూ కలిసి ఉంటే ఎముక ఆకలితో ఉందని అర్థం. మీ పాపవి 3.4, 812. ఎక్స్‌రేలో కూడా కనిపించిందంటే లోటు కొత్తది కాదు, ఎముకలోని ఖనిజంలో అయిదో వంతో అంతకన్నా ఎక్కువో తగ్గితే గానీ ఎక్స్‌రేలో తేడా కనిపించదు.

ఇంకో మెలిక. ఎముక కట్టాలంటే కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ కలవాలి. ఫాస్ఫరస్ చాలకపోతే ఇచ్చిన కాల్షియం ఎముకలో కుదురుకోలేక మూత్రంలోకే వెళ్ళిపోతుంది, అంటే కిడ్నీలో పేరుకునేది కూడా పెరుగుతుంది. అందుకని సిరప్‌లో ఏముందో చూడండి. కాల్షియం ఫాస్ఫేట్ అని ఉంటే రెండూ ఉన్నట్టు. ఒట్టి కాల్షియం కార్బొనేట్ అని ఉంటే మీ డాక్టర్‌ను "ఫాస్ఫరస్ కూడా కావాలా సార్" అని అడగండి, అడిగితే ఎవరూ తప్పు పట్టరు. ఎముకకు చేరే కాల్షియం కిడ్నీకి హాని చేయదు, చేరకుండా వృథాగా పోయేదే చేస్తుంది. సీసా తెరవండమ్మా. ఇన్ని మిల్లీలీటర్లు అని వాళ్ళు రాసినంతే, రెండు మూడు సార్లుగా పాలతో.

విటమిన్ డి చుక్కలు రాసినంతే వేయండి. మందుల షాపులో 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు దొరుకుతాయి, ఎముకలకు మంచిదని ఎవరైనా పట్టమన్నా పట్టొద్దు. విటమిన్ డి శ్రుతి మించితే పేగుల నుంచి కాల్షియం విపరీతంగా లోపలికి వచ్చి మూత్రంలో దిగుతుంది, ఈ పాప కిడ్నీలకు అది సరాసరి దెబ్బ.

లాసిక్స్ ఆపాలా అన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బీపీడీ ఉన్న పిల్లలకు ఈ మందు కొన్ని రోజులు ఊపిరి తేలిక చేస్తుంది, అది కళ్ళారా చూస్తాం. కానీ నెలల తరబడి ఇస్తే త్వరగా ఆక్సిజన్ మానేస్తారనో ఎక్కువమంది బతుకుతారనో గట్టి రుజువు లేదు, కొక్రేన్ సమీక్ష (జరిగిన అధ్యయనాలన్నీ కలిపి తూచి చూసేది) కూడా అలవాటుగా దీర్ఘకాలం వాడమని సిఫారసు చేయలేమనే తేల్చింది. మా విభాగాల్లో జరిగేదేమిటంటే, అవసరమైన రోజున మొదలుపెట్టిన మందు డిశ్చార్జ్ కాగితంలోకి ఎక్కుతుంది, ఆ తర్వాత "ఇది ఇంకా కావాలా" అని ఎవరూ ఆగి అడగరు. మీరు అడగాల్సింది అదే. పగలు ఆక్సిజన్ లేకుండా ఉంటోందంటే అడగడానికి ఇదే సరైన సమయం. డోసు పెంచకుండా అలాగే ఉంచి, పాప బరువు పెరిగేకొద్దీ కిలోకు పడే మోతాదు దానంతటదే తగ్గేలా చేయడం ఒక పద్ధతి. రోజు విడిచి రోజుకు మార్చడం ఇంకొకటి. థయజైడ్ రకం మందుకు మార్చడం మూడోది, అది కిడ్నీలో వేరేచోట పని చేసి మూత్రంలో కాల్షియం పోకుండా నిలుపుతుంది, కానీ సోడియం, పొటాషియం పడిపోవచ్చు, కాబట్టి రక్తపరీక్షలు తప్పవు. ఆల్డాక్టోన్ పొటాషియాన్ని కాపాడుతుంది గానీ, లాసిక్స్ వల్ల పోయే కాల్షియాన్ని ఆపడానికి దాన్ని నమ్ముకోలేం.

ఒక మినహాయింపు కూడా రాయాలి. పాపకు విరేచనాలో వాంతులో పట్టుకుని, పాలు తాగక, మాడు లోపలికి పోయి, డైపర్లు పొడిగా ఉంటుంటే, నీరు తీసేసే మందు ఆ రోజు ప్రమాదం. అప్పుడు తర్వాతి డోసు వేసే ముందే డాక్టర్‌కు ఫోన్ చేయాలి, అందకపోతే దగ్గర్లోని పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

వచ్చేసారి వెళ్ళినప్పుడు మూత్రంలో కాల్షియం, క్రియాటినిన్ నిష్పత్తి అడగండి, ఒక్క శాంపిల్ చాలు. ఆరు నెలల వరకు 0.8 దాకా మామూలే అనుకుంటాం, పెద్దపిల్లల్లో అది 0.2 దగ్గరకు దిగుతుంది. ఇంటర్నెట్‌లో పెద్దపిల్లల అంకె చూసి కంగారుపడకండి. పారాథైరాయిడ్ హార్మోన్, 25 హైడ్రాక్సీ విటమిన్ డి, సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్ కూడా చూస్తే మంచిది. లాసిక్స్ మీద ఉన్న పిల్లల్లో క్లోరైడ్ తగ్గిపోతే ఎంత పాలు తాగినా బరువు పెరగరు, ఇది తరచుగా తప్పిపోయే విషయం. వినికిడికి బెరా పరీక్ష అయిందా? లాసిక్స్, దాంతో పాటు అమికాసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వినికిడిని దెబ్బతీయొచ్చు, అవి వాడిన పిల్లలకు ఆ పరీక్ష తప్పనిసరి.


ఫార్మసీ_అక్క_తిరుపతి

డాక్టర్ గారు అంతా చెప్పారు, నేను కౌంటర్ దగ్గర రోజూ చూసేది ఒకటి చెప్తాను. మీరు లాసిక్స్ ద్రవం వేస్తున్నారా, లేక 40 మిల్లీగ్రాముల మాత్ర నూరి నీళ్ళలో కలుపుతున్నారా? చాలామంది మాత్రను 10 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఒక మిల్లీలీటర్ తీసి వేస్తారు, లెక్క ప్రకారం 4 మిల్లీగ్రాములు. కానీ ఫ్యూరోసెమైడ్ నీళ్ళలో దాదాపు కరగదు, పొడి అడుక్కి దిగిపోతుంది. పైనుంచి తీస్తే తక్కువ, అడుగునుంచి తీస్తే చాలా ఎక్కువ. నెలల తరబడి ఇలా వేస్తే పాపకు నిజంగా ఎంత పడుతోందో ఎవరికీ తెలియదు, డాక్టర్ తన కాగితం మీది డోసే పడుతోందనుకుంటారు.

ఒక మిల్లీలీటర్‌కు 10 మిల్లీగ్రాములు ఉండే ద్రవం దొరుకుతుంది, అన్ని షాపుల్లో ఉండదు, తెప్పించమనాలి. దాంట్లో 4 మిల్లీగ్రాములంటే 0.4 మిల్లీలీటర్. చెంచాతో, మూతతో కాదు, ఒక మిల్లీలీటర్ సిరంజీతో (సూది లేనిది) కొలవండి. కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ మిల్లీలీటర్‌కు ఎన్ని మిల్లీగ్రాములో మళ్ళీ చదవండి, కంపెనీ మారితే బలం మారొచ్చు. వెలుతురు తగలకుండా పెట్టండి.


న్యూజెర్సీ_తెలుగమ్మ

మా వాడు 26 వారాలు, ఇక్కడ న్యూజెర్సీలో పుట్టాడు. మీరు రాసింది చదువుతుంటే ఆ రోజులన్నీ గుర్తొచ్చి ఏడుపు వచ్చింది. వాడికీ లాసిక్స్, మధ్యలో స్టెరాయిడ్, కిడ్నీలో కాల్షియం, ఎముకలు పలచన. ఛాతీ ఎక్స్‌రే వేరే దేనికో తీస్తే పక్కటెముక ఒకటి విరిగి అతుక్కున్న గుర్తు కనిపించింది, ఎప్పుడు విరిగిందో ఎవరికీ తెలీదు. తర్వాత క్లోరోథయజైడ్‌కు (డాక్టర్ గారు చెప్పిన థయజైడ్ రకం మందే) మార్చారు, బరువు పెరుగుతున్నా డోసు పెంచకుండా వదిలేశారు, కొన్ని నెలలకు అది నామమాత్రం అయిపోయాక ఆపేశారు. రెండేళ్ళ వయసులో స్కాన్ క్లియర్. కొంచెం ఆలస్యంగా నడిచాడు, ఇప్పుడు సైకిల్ తొక్కుతున్నాడు. కిడ్నీ డాక్టర్ మాత్రం ఏటా బీపీ చూస్తారు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది స్నానం గురించి. మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది, మనవడికి ఒళ్ళంతా నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, చేతులు కాళ్ళు సాగదీసి, నలుగు పెట్టి నీళ్ళు పోయాలని ఎంతో ఆశగా ఉంది. థెరపిస్ట్ గట్టిగా వద్దన్నారు. ఎముకలు ఇంత మెత్తగా ఉన్నప్పుడు ఆ సాగదీయడానికి, పక్కటెముకల మీద నొక్కడానికి విరగొచ్చట. నూనె రాయొచ్చు, అరచేత్తో నిమరొచ్చు, ఎక్కడా లాగకూడదు, మెలిపెట్టకూడదు. డైపర్ మార్చేటప్పుడు రెండు పాదాలు పట్టుకుని పైకి లేపకూడదు, నడుం కింద చెయ్యి పెట్టి లేపాలి. చంకల్లో చేతులు వేసి ఎత్తకుండా వీపుకి, పిరుదులకి ఆసరా ఇచ్చి ఎత్తాలి. పాప ఒక చెయ్యో కాలో కదపడం మానేసినా, ముట్టుకుంటే కేర్ మన్నా వెంటనే చూపించండి. మా అమ్మకు ఎక్స్‌రే చూపించి చెప్తే అర్థం చేసుకుంది, మీ అత్తయ్య గారికీ అలాగే చూపించండి.

అలాగని అసలు కదపకుండా ఉంచడం కూడా మంచిది కాదన్నారు, కదలికతోనే ఎముక గట్టిపడుతుందట. థెరపిస్ట్ చూపించినట్టు రోజూ కాళ్ళు చేతులు మెల్లగా మడిచి చాపడం చేయించేదాన్ని.


బుజ్జితల్లి_అమ్మ (గుంటూరు)

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నెల ఆగకుండా నిన్ననే మళ్ళీ వెళ్ళాం, ఈసారి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళాను. డాక్టర్ గారు ఓపికగా అన్నీ చదివారు. ఫార్మసీ అక్కా, మీ అనుమానం నిజమే, ఎన్ఐసీయూ నుంచి వచ్చేటప్పుడు మాకు మాత్ర నూరి కలపమనే నేర్పారు, ఇప్పుడు ద్రవం రాయించుకున్నాం. మూత్రంలో కాల్షియం క్రియాటినిన్ నిష్పత్తి 1.3 వచ్చింది. లాసిక్స్ పొద్దున ఒక్క పూటకే తగ్గించారు, వారం చూసి ఆయాసం లేకపోతే రోజు విడిచి రోజు చేద్దామన్నారు. సిరప్ కాల్షియం ఫాస్ఫేట్‌దే, నిన్నటి నుంచి వేస్తున్నాను. బెరా పరీక్షకు వచ్చే మంగళవారం రమ్మన్నారు. అత్తయ్య గారు ఎక్స్‌రే ఫోటో చూసి, ఇకనుంచి నీళ్ళు నువ్వే పొయ్యమ్మా, నేను పక్కన కూర్చుంటానన్నారు.

ఒక్క సందేహం డాక్టర్ గారూ. డోసు తగ్గించాక ఇంట్లో నేను ఏం గమనించాలి? ఆక్సిజన్ మిషన్‌తో పాటు వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే మీటర్ కూడా ఉంది.


పిల్లల_డాక్టర్_కాకినాడ

మంచి పని చేశారమ్మా. 1.3 ఎక్కువే, డోసు తగ్గాక మూడు నాలుగు వారాలకు మళ్ళీ చూస్తే దిగడం కనిపించాలి.

రోజూ పొద్దున ఒకే సమయానికి, పాలు పట్టకముందు, బట్టలు లేకుండా బరువు చూడండి, అదే తూకం మీద. పాప వయసుకు రోజుకు 20, 30 గ్రాములు పెరగడం సంతోషించే విషయం. ఒక్కరోజులో వంద, నూటయాభై గ్రాములు పెరిగితే అది కండ కాదు, నీరు. నిద్రలో ఉన్నప్పుడు పొట్ట పైకి కిందికి కదలడం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టి రాసుకోండి, ఇప్పుడు ఎంత ఉందో అదే మీ కొలమానం. అంతకన్నా బాగా పెరిగినా, పక్కటెముకల మధ్య గుంటలు పడినా, పాలు మధ్యలో వదిలేసి ఆయాసపడినా, కనురెప్పలు ఉబ్బినా, మీటర్‌లో మీ డాక్టర్ చెప్పిన అంకె కన్నా తగ్గుతున్నా ఆ రోజే ఫోన్ చేయండి. ఆ మీటర్ పసిపిల్లలకు పాదానికి చుట్టే రకం అయితేనే నమ్మండి, పెద్దవాళ్ళ వేలి క్లిప్ ఇంత చిన్న చేతికి సరిగ్గా పట్టదు.

ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రెండు మూడు వారాలకోసారి చూస్తారు. ఎముక కట్టడం మొదలైన కొత్తలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొంచెం పెరిగినట్టు కనిపించినా భయపడకండి, ముందు ఫాస్ఫరస్ లేస్తుంది, తర్వాత ఇది దిగుతుంది. కిడ్నీ స్కాన్ మూడు నెలల తర్వాత చాలు, వారం వారం తీయించినా కొత్తగా తెలిసేదేమీ ఉండదు. మంగళవారం బెరా రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి.